తుంటి కీలు మార్పిడి: ఖర్చు, కోలుకోవడం, మళ్ళీ గుడి మెట్లు

ఆలయానికి వచ్చే పెద్దవారిలో కొందరు ధ్వజస్తంభం దగ్గరే ఆగిపోతారు. వెంట వచ్చినవారు ప్రదక్షిణ ముగించుకొని వచ్చేవరకు మండపంలో ఒక స్తంభానికి ఆనుకొని నిలబడతారు. కూర్చోమంటే, "కూర్చుంటే లేవలేను నాయనా" అంటారు. ముప్పై ఏళ్ళకు పైగా ఎముకల వైద్యునిగా పనిచేసి, ప్రస్తుతం ట్రస్టు నిర్వహించే ఉచిత వైద్య శిబిరంలో సేవ చేస్తున్న నాకు ఇటువంటివారు తరచుగా కనిపిస్తారు. వీరిలో ఎక్కువమందిది మోకాలి బాధ. కొందరిది మాత్రం తుంటి కీలు బాధ. తుంటి కీలు మార్పిడి శస్త్రచికిత్స మాట ఎత్తగానే వారు అడిగే ప్రశ్నలు రెండు: ఎంత ఖర్చవుతుంది? మళ్ళీ కొండ ఎక్కగలనా?

ఈ రెండు ప్రశ్నలకూ సూటిగా సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ముందుగా ఒక మాట మనవి చేయాలి. ఆసుపత్రి బిల్లు కట్టడానికి కుటుంబమంతా ఒక్కటై డబ్బు సమకూర్చుకొంటుంది. ఇంటికి వచ్చిన తరువాతి మూడు నెలల లెక్క మాత్రం చాలా ఇళ్ళలో ఎవరూ వేయరు. చక్కగా జరిగిన శస్త్రచికిత్స కూడా ఆ మూడు నెలల్లో చెడిపోవడం నేను చూశాను. అందుచేత ఖర్చునూ కోలుకోవడాన్నీ విడదీయకుండా, ఒకే లెక్కగా వివరిస్తున్నాను.

నొప్పి ఎక్కడ ఉంటుంది?

మనలో చాలామంది "తుంటి నొప్పి" అంటూ చెయ్యి పెట్టి చూపేది పిరుదు మీద, లేదా నడుము పక్కన. అక్కడి నొప్పి చాలాసార్లు వెన్నుపూస నుండి వస్తుంది. అసలు తుంటి కీలు చెడినప్పుడు నొప్పి ముఖ్యంగా గజ్జలోను, తొడ ముందు భాగంలోను ఉంటుంది. ఒక్కొక్కసారి మోకాలి దగ్గర మాత్రమే తెలుస్తుంది. శిబిరానికి వచ్చిన ఒక పెద్దావిడ రెండేళ్ళుగా మోకాలికి మందులు వాడుతున్నారు. మోకాలి ఎక్స్‌రేలో చెప్పుకోదగిన లోపమేదీ లేదు. తుంటికి ఎక్స్‌రే తీయిస్తే కీలు పూర్తిగా అరిగిపోయి ఉంది.

మరికొన్ని గుర్తులు ఇంట్లోనే తెలుస్తాయి. కాలిగోళ్ళు తీసుకోలేకపోవడం, పాదాలకు పసుపు రాసుకోలేకపోవడం, బాసింపట్టు వేసుకొని కూర్చోలేకపోవడం, నడకలో ఒక పక్కకు ఒరగడం, రాత్రి పక్కకు తిరిగితే నొప్పితో మెలకువ రావడం. వీటిలో రెండు మూడు ఉంటే ఎముకల వైద్యునికి చూపించి, తుంటికి ఎక్స్‌రే తీయించుకోవాలి.

కీలు ఎందుకు చెడుతుంది?

తొడ ఎముక పైకొన బంతి ఆకారంలో ఉంటుంది. ఆ బంతి కటి ఎముకలోని గిన్నె వంటి గుంటలో తిరుగుతుంది. రెండింటి మీద నున్నని మృదులాస్థి పొర ఉంటుంది. ఆ పొర అరిగినా, కింద ఉన్న ఎముక దెబ్బతిన్నా నొప్పి, పట్టేయడం మొదలవుతాయి.

పాశ్చాత్య దేశాలలో ఈ శస్త్రచికిత్స చేయించుకొనేవారిలో అధికులు వయసుతో వచ్చే అరుగుదల ఉన్న వృద్ధులు. మన దేశంలో ముప్పై, నలభై ఏళ్ళవారు కూడా ఎక్కువగానే ఉంటారు. అందుకు ముఖ్య కారణం, బంతి భాగానికి రక్తప్రసరణ తగ్గి అక్కడి ఎముక చచ్చుబడిపోవడం. ఎక్కువ మోతాదులో లేదా ఎక్కువ కాలం స్టెరాయిడ్లు వాడినవారిలో, మద్యం అలవాటు ఉన్నవారిలో, పాత గాయాలు ఉన్నవారిలో, ఏజెన్సీ ప్రాంతాల గిరిజనులలో కనిపించే సికిల్‌సెల్ వ్యాధి ఉన్నవారిలో ఇది వస్తుంది. తొలిదశలో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, ఎం.ఆర్.ఐ.లో తెలుస్తుంది. బంతి ఆకారం చెడకముందే గుర్తిస్తే కీలును కాపాడే చిన్న శస్త్రచికిత్సకు అవకాశం ఉంటుంది. నొప్పి వెంటనే తగ్గుతుందని ఎవరో ఇచ్చే పేరు తెలియని మాత్రల పొట్లాలు నెలల తరబడి వాడవద్దని చెప్పేది ఇందుకే. వాటిలో స్టెరాయిడ్ ఉండవచ్చు.

కీళ్ళవాతం, వెన్నెముక బిగుసుకుపోయే వాత వ్యాధులు కూడా తుంటిని దెబ్బతీస్తాయి.

పెద్దవారు జారిపడినప్పుడు

స్నానాలగదిలో జారిపడిన పెద్దవారికి తొడ ఎముక మెడ భాగం విరగడం తరచుగా జరుగుతుంది. పడినవారు లేవలేకపోవడం, కాలు పొట్టిగా కనిపించడం, పాదం బయటికి తిరిగిపోవడం దీని గుర్తులు. ఈ విరుపుకు నాటు కట్టు పనిచేయదు. కీలు లోతుగా కండరాల నడుమ ఉంటుంది కనుక పైనుండి కట్టే కట్టు అక్కడి ఎముకను కదలకుండా పట్టి ఉంచలేదు. పైగా బంతికి వెళ్ళే రక్తనాళాలు ఆ మెడ భాగం మీదుగానే పోతాయి.

ఇక్కడ ఆలస్యమే అసలు ప్రమాదం. మంచానపడిన వృద్ధులకు పడకపుండ్లు, ఊపిరితిత్తులలో నిమ్ము, కాలి నరాలలో రక్తం గడ్డకట్టడం వంటివి త్వరగా వస్తాయి. శరీర స్థితి అనుకూలిస్తే ఒకటి రెండు రోజులలోనే శస్త్రచికిత్స జరగడం మేలు. "ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు" అనుకొని ఇంట్లో ఉంచడం దయ అనిపిస్తుంది. నిజానికి వారిని ఎక్కువ బాధపెట్టేది అదే. ఇటువంటి సందర్భంలో కొందరికి బంతిని మాత్రమే మారుస్తారు, గిన్నెను మార్చరు. అది తక్కువ సమయంలో పూర్తవుతుంది.

శస్త్రచికిత్స ఎవరికి అవసరం?

విరుపు కాని సందర్భాలలో తొందర లేదు. బరువు తగ్గడం, తగిన వ్యాయామం, వైద్యుడు సూచించిన నొప్పి మందులు, చేతికర్ర, వీటితో కొంతకాలం బాగా గడపవచ్చు. చేతికర్రను నొప్పి ఉన్న వైపు కాక ఎదుటి వైపు చేతితో పట్టుకోవాలి. అప్పుడే చెడిన కీలు మీద భారం తగ్గుతుంది. నొప్పి మాత్రలు మాత్రం వైద్యుని సలహా లేకుండా రోజూ వాడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఈ ఉపాయాలన్నీ చేసినా నిద్ర పట్టనంత నొప్పి ఉన్నప్పుడు, సొంత పనులు చేసుకోలేనప్పుడు, ఎక్స్‌రేలో కీలు పూర్తిగా చెడినట్లు కనిపించినప్పుడు శస్త్రచికిత్స గురించి ఆలోచించాలి. ఎక్స్‌రే ఒక్కటే చూసి నిర్ణయించరాదు. నొప్పి తక్కువగా ఉంటే వేచి ఉండవచ్చు.

ఏమి చేస్తారు?

ఇంగ్లండులోని రైటింగ్‌టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్లీ అనే వైద్యుడు 1962 నవంబరులో, లోహపు బంతి ప్రత్యేక ప్లాస్టిక్ గిన్నెలో తిరిగే కీలును అమర్చడం ప్రారంభించారు. నేటి పద్ధతికి పునాది అదే. చెడిన బంతిని తొలగించి, తొడ ఎముక లోపలికి ఒక లోహపు కాడను దింపి, దాని మీద కొత్త బంతిని ఉంచుతారు. కటి ఎముకలోని గుంటను చదునుచేసి కొత్త గిన్నెను బిగిస్తారు. బంతి లోహంతో గాని సిరామిక్‌తో గాని చేసినది అయి ఉంటుంది. ఎముక బలాన్ని బట్టి సిమెంటుతో అతికించడమో, ఎముకే దానిని పట్టుకొనేలా బిగించడమో చేస్తారు. సాధారణంగా ఒకటి నుండి రెండు గంటల పని. చాలామందికి నడుము దగ్గర ఇచ్చే మత్తు సరిపోతుంది.

కొత్త కీలు ఎంతకాలం ఉంటుంది? ఆస్ట్రేలియా, ఫిన్లాండు దేశాల నమోదు పట్టికల ఆధారంగా 2019లో ది లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడిన అధ్యయనం ప్రకారం సుమారు 58 శాతం కీళ్ళు 25 ఏళ్ళు నిలిచాయి. అరవై దాటినవారిలో ఎక్కువమందికి జీవితాంతం సరిపోతుంది. నలభైలో చేయించుకొన్నవారు మాత్రం మరొకసారి మార్చవలసి రావచ్చునని ముందే తెలుసుకోవాలి.

నష్టభయం అసలు లేదని చెప్పడం సరికాదు. చీము పట్టడం, కీలు జారడం, కాలిలో రక్తం గడ్డకట్టడం, రెండు కాళ్ళ పొడవులో కొద్దిపాటి తేడా, ఇవి తక్కువమందిలోనే అయినా జరుగుతాయి. మధుమేహాన్ని అదుపులోకి తెచ్చుకోవడం, పుచ్చిన పళ్ళకు, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు, చర్మం మీది పుండ్లకు ముందే చికిత్స చేయించుకోవడం, పొగ మానడం వలన ఈ భయం బాగా తగ్గుతుంది. శరీరంలో ఏ మూల చీము ఉన్నా అది రక్తం ద్వారా కొత్త కీలును చేరగలదు.

ఖర్చు: బిల్లులో ఉండేది, బిల్లులో లేనిది

ప్రైవేటు ఆసుపత్రులలో ఒక వైపు తుంటి కీలు మార్పిడికి సాధారణంగా రెండు నుండి నాలుగు లక్షల రూపాయలు అవుతుంది. పెద్ద కార్పొరేటు ఆసుపత్రులలో, ఖరీదైన గదులలో అంతకు మించవచ్చు. ఈ తేడాకు ముఖ్య కారణం ఇంప్లాంటు రకం. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధరలు నిర్ణయించింది. ఆ ఉత్తర్వు తుంటి ఇంప్లాంట్లకు వర్తించదు. కనుక ఏ రకం వేస్తారు, ధర ఎంత, అదే ఎందుకు అని అడిగి తెలుసుకోవాలి. ఖరీదైనది అందరికీ మేలైనది కాదు. డెబ్బై దాటినవారికి లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నె ఉన్న సాధారణ రకం చక్కగా పనిచేస్తుంది. సిరామిక్ బంతి వలన మేలు ఎక్కువగా చిన్న వయసువారికే.

ఇంప్లాంటు పెట్టె మీది స్టిక్కర్లను డిశ్చార్జి పత్రంలో అతికించి ఇవ్వమని కోరండి. లోహపు బంతి లోహపు గిన్నెలో తిరిగే ఒక రకాన్ని దాని తయారీదారు 2010లో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకోవలసి వచ్చింది. తమకు వేసినది ఏ రకమో రుజువు చూపగలగడం అటువంటప్పుడు ఎంతో అవసరం.

ప్రభుత్వ సహాయం విషయానికి వస్తే, ఆయుష్మాన్ భారత్ పథకంలో తుంటి కీలు మార్పిడి ఉంది. 2024 అక్టోబరు నుండి 70 ఏళ్ళు నిండినవారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ పథకాన్ని విస్తరించారు. ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు ఇది వర్తిస్తుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్నది. ఏ వ్యాధికి, ఏ ఆసుపత్రిలో, ఏ షరతుతో వర్తిస్తుందన్నది మారుతూ ఉంటుంది కనుక, నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను చేరకముందే కలవాలి. పథకాలు వర్తించనివారు ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు చేసుకోవచ్చు. సొంతంగా ఆరోగ్య బీమా ఉన్నవారు కీళ్ళ మార్పిడికి ఎన్నేళ్ళ నిరీక్షణ గడువు ఉందో పాలసీలో చూసుకోవాలి. చాలా పాలసీలలో అది రెండు మూడేళ్ళు ఉంటుంది.

ఇక బిల్లులో కనిపించని లెక్క. వాకరు వెయ్యి నుండి రెండు వేలు. కమోడ్ కుర్చీ సుమారు రెండు మూడు వేలు. ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టుకు నగరాలలో ఒక్కొక్క విడతకు 500 నుండి 1000 రూపాయలు. కనీసం పది పన్నెండు విడతలు అవసరం. రక్తం గడ్డకట్టకుండా కొన్ని వారాలు వాడే మందులు. కుట్లు తీయించుకోవడానికీ మళ్ళీ చూపించుకోవడానికీ కారు ప్రయాణాలు. అన్నిటికీ మించి, తోడుగా ఉండే మనిషి కోల్పోయే కూలి లేదా సెలవు. పాతిక వేల నుండి యాభై వేల వరకు వీటికి విడిగా ఉంచుకోనిదే శస్త్రచికిత్సకు తేదీ తీసుకోవద్దని నేను చెబుతుంటాను.

ఆ మూడు నెలలు

మరునాడే, కొన్ని చోట్ల అదే రోజు సాయంత్రమే వాకరు సహాయంతో నిలబెట్టి నడిపిస్తారు. భయపడవలసిన పనిలేదు, కొత్త కీలు బరువు మోయడానికి సిద్ధంగానే ఉంటుంది. మూడు నుండి ఐదు రోజులలో ఇంటికి పంపుతారు. రెండు వారాలకు కుట్లు తీస్తారు. నాలుగు నుండి ఆరు వారాలు వాకరు, ఆ తరువాత కొన్ని వారాలు చేతికర్ర. కూర్చొని చేసే ఉద్యోగాలకు ఆరు వారాలకు, పొలం పనులకు మూడు నెలలు దాటిన తరువాత, వైద్యుని అనుమతితో వెళ్ళవచ్చు.

కీలు చుట్టూ ఉన్న కండరాలు, పొరలు అతుక్కొనేవరకు అది జారే ప్రమాదం ఉంటుంది. అందుచేత ఎక్కువమందికి చెప్పే జాగ్రత్తలు ఇవి: కూర్చొన్నప్పుడు మోకాలు తుంటి కన్న ఎత్తులో ఉండరాదు, కాలు మీద కాలు వేయరాదు, పాదాన్ని లోపలికి తిప్పరాదు, వంగి నేల మీది వస్తువు తీయరాదు, పడుకొన్నప్పుడు రెండు మోకాళ్ళ నడుమ దిండు ఉంచుకోవాలి. శస్త్రచికిత్స ఏ వైపు నుండి చేశారన్న దానిని బట్టి ఇవి కొంత మారుతాయి. మీ వైద్యుడు చెప్పినదే మీకు ప్రమాణం.

ఈ జాగ్రత్తలు మన ఇళ్ళలో పాటించాలంటే ఇంటిని ముందుగా సిద్ధం చేయాలి. నేల మీద పరుపు కాకుండా ఎత్తైన మంచం, చేతులున్న గట్టి కుర్చీ, నేల మరుగుదొడ్డి ఉంటే దాని మీద పెట్టే కమోడ్ కుర్చీ, స్నానానికి ఎత్తైన స్టూలు కావాలి. కాలికి తగిలే పట్టాలు, వైర్లు తీసివేయాలి. ప్రతి గడప దగ్గర వాకరు ఎలా దాటించాలో ఫిజియోథెరపిస్టు చేత చూపించుకోవాలి.

ఇది లేకపోతే ఏమవుతుందో ఒక యువకుని విషయంలో చూశాను. సికిల్‌సెల్ వ్యాధి వలన తుంటి చెడిన అతనికి ప్రభుత్వ పథకం కింద రూపాయి ఖర్చు లేకుండా శస్త్రచికిత్స జరిగింది, చక్కగా జరిగింది. అతని ఇంట్లో మంచం లేదు, మరుగుదొడ్డి లేదు. మూడవ వారంలో ఆరుబయట గొంతుకు కూర్చోగా కీలు జారింది. మళ్ళీ మత్తు ఇచ్చి దానిని సరిచేయవలసి వచ్చింది. లక్షల విలువైన చికిత్స రెండు వేల రూపాయల కుర్చీ లేక ప్రమాదంలో పడింది.

పిక్కలో నొప్పి, వాపు. ఆయాసం, ఛాతీలో నొప్పి. జ్వరం, గాయం నుండి నీరు లేదా చీము. కాలు ఉన్నట్టుండి పొట్టిదై అడుగు వేయలేకపోవడం, ఈ నాలుగింటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆయాసం, ఛాతీ నొప్పి అయితే ఒక్క నిమిషం ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయాలి. కాలును లాగడం, మాలిష్ చేయడం ఎంతమాత్రం తగదు.

మళ్ళీ దర్శనానికి

మెట్ల విషయంలో ఒక సూత్రం గుర్తుంచుకోండి: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు శస్త్రచికిత్స అయిన కాలు ముందు. ఒక చేయి ఎప్పుడూ కడ్డీ మీద ఉండాలి. ఇంటి దగ్గరి గుడికి ఆరు వారాల తరువాత, రద్దీ లేని వేళలో తోడుతో వెళ్ళవచ్చు. మూడు నెలల తరువాత చాలామంది నెమ్మదిగా ప్రదక్షిణలు చేయగలుగుతారు.

కొండ ఎక్కడం సంగతి వేరు. తిరుమలకు అలిపిరి మార్గంలో సుమారు 3,550 మెట్లు ఉన్నాయి. మొదటి ఆరు నెలలలో ఆ ఆలోచన వద్దు. ఆ తరువాత కండరాల బలం చూసి మీ వైద్యుడు అనుమతిస్తే, రోజూ నడక అలవాటు చేసుకొని, ఆగుతూ ఎక్కినవారు ఉన్నారు. మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళతో ఎక్కడం, పొర్లుదండాలు పెట్టడం మాత్రం కొత్త కీలు ఉన్నవారికి తగవు. సాష్టాంగ నమస్కారం విషయం కూడా వైద్యుని అడిగి తెలుసుకోవాలి. ఇదివరకే మొక్కుకొని ఉన్నవారు అర్చకస్వాములను సంప్రదిస్తే ప్రత్యామ్నాయం చెబుతారు. కుర్చీలో కూర్చొని వ్రతం చేసుకోవడానికి, నిలబడి నమస్కరించడానికి అర్చకులు కాదనడం నేను చూడలేదు.

తనిఖీ ద్వారం దగ్గర లోహపు కీలు వలన మోత రావచ్చు. కంగారుపడక డిశ్చార్జి పత్రం నకలు చూపించండి. క్యూలో గంటల తరబడి నిలబడడం కన్న వృద్ధులకు, దివ్యాంగులకు కల్పించిన దర్శన సౌకర్యాన్ని వినియోగించుకోవడం మంచిది. అందులో చిన్నతనమేమీ లేదు.

దాతలకు మనవి

ఒకరి శస్త్రచికిత్స ఖర్చంతా భరిస్తామని ముందుకు వచ్చే దాతలు ధన్యులు. అంత శక్తి లేనివారు కూడా చేయగలిగినది ఎంతో ఉంది. పేదలకు ప్రభుత్వ పథకాలు ఆసుపత్రి వరకు దారి చూపుతున్నాయి. ఇంటికి చేరాక దిక్కు లేకుండా పోతున్నది. ఒక వాకరు, ఒక కమోడ్ కుర్చీ, ఒక ఎత్తైన మంచం, ఒకరు వాడి తిరిగి ఇస్తే శుభ్రం చేసి మరొకరికి ఇవ్వవచ్చు. ఒక్క కుర్చీ ఏడాదిలో నలుగురి కీళ్ళను కాపాడుతుంది. ఒక రోగికి పన్నెండు విడతల ఫిజియోథెరపీ, లేదా తోడు ఉండే కుటుంబసభ్యునికి నెల రోజుల కూలి సమకూర్చడం కూడా చికిత్సలో భాగమే.

యాత్రికులకు వసతి గదులు కట్టించే దాతలు మరొక మాట ఆలకించాలి. గదిలో పేరు చెక్కించే శిలాఫలకంతో పాటు కింది అంతస్తులో ఎత్తైన మంచం, కమోడ్, స్నానాలగదిలో పట్టుకొనే కడ్డీ, గుమ్మం దగ్గర మెట్లకు బదులు వాలు దారి ఏర్పాటు చేయించండి. అవి ఉన్నాయని తెలిస్తే, నొప్పి వలన ఏళ్ళ తరబడి యాత్ర మానుకొన్న పెద్దలను వారి పిల్లలు ధైర్యంగా తీసుకొని వస్తారు.